పోలండ్ ఫైటర్లు 1933లో అంత ముందుండి, 1939కి అంత వెనకబడటం ఎలా జరిగింది?

సైనిక్‌పురి_కిట్స్:

అందరికీ నమస్తే. నేను ప్లాస్టిక్ విమానాల కిట్లు కడుతుంటాను, ఇప్పుడు చేతిలో ఉన్నది పోలండ్ వాళ్ల పీజెడ్‌ఎల్ పి-11సి. కిట్ మొదలుపెట్టే ముందు ఆ విమానం కథ చదవడం నాకు అలవాటు. ఈసారి చదివేకొద్దీ ఒక్క విషయం మాత్రం అస్సలు మింగుడుపడటం లేదు.

1933 నాటికి తన ఫైటర్ దళాన్నంతా పూర్తిగా లోహంతో చేసిన మోనోప్లేన్లతో (ఒకే వరస రెక్కల విమానాలతో) నింపిన మొదటి దేశం పోలండేనట. బ్రిటన్ లాంటి దేశం కూడా అప్పటికింకా గుడ్డ కప్పిన బైప్లేన్లే (రెండు వరసల రెక్కలవి) నడుపుతోంది. దేశంగా పుట్టి పదిహేనేళ్లు కూడా కాలేదు, అయినా అంత ముందున్నారు. మరి ఆరేళ్ల తర్వాత, 1939 సెప్టెంబర్‌లో, అదే కుటుంబానికి చెందిన విమానంతో, పైకప్పు లేని కాక్‌పిట్‌తో, లోపలికి ముడుచుకోని చక్రాలతో జర్మన్ల మెసర్‌ష్మిట్-109 ఫైటర్లకి ఎదురెళ్లాల్సి వచ్చింది. పి-11సి వేగం గంటకు 375 కిలోమీటర్లు, 109ఈ వేగం దాదాపు 560. జర్మన్ బాంబర్లే దీనికంటే వేగంగా పోతున్నాయి!

ఎవరైనా వివరంగా చెప్పగలరా? డబ్బు లేకనా, ఇంజన్లు లేకనా, పైవాళ్ల నిర్ణయాలు తప్పా? ఇంకో సంగతి, పోలండ్ ఎయిర్‌ఫోర్స్ మొదటిరోజే నేలమీద ఉండగానే ధ్వంసమైపోయిందని చాలా వీడియోల్లో చెప్తున్నారు, అది నిజమేనా? అలాగే పోలండ్ విమానాల మీద ఉండే ఆ ఎర్ర తెలుపు గళ్ల గుర్తు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే చెప్పండి, డెకాల్స్ (కిట్‌తో వచ్చే గుర్తుల స్టిక్కర్లు) అతికించే ముందు తెలుసుకోవాలనుంది.


తార్నాక_మాస్టారు:

బాబూ, 1939లో నిలబడి వెనక్కి చూస్తే ఇది అర్థం కాదు, 1918 నుంచి ముందుకు రావాలి. కాస్త పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదువు.

పోలండ్‌ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి, 123 ఏళ్ల పాటు మ్యాప్‌లో ఆ దేశమే లేదు. 1918 నవంబర్‌లో మళ్లీ దేశం వచ్చింది కానీ విమానాల ఫ్యాక్టరీ ఎక్కడుంది, ఇంజన్ల ఫ్యాక్టరీ ఎక్కడుంది? ఏమీ లేవు. ఉన్నవల్లా ఓడిపోయిన సైన్యాలు వదిలేసిన ఎయిర్‌ఫీల్డులు, వాటిలో సగం విప్పేసిన విమానాలు. స్వాతంత్ర్యం అధికారికంగా ప్రకటించకముందే, నవంబర్ 5న, ల్వూఫ్‌లో (ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న లివివ్) స్తెఫాన్ బాస్తిర్, యానుష్ ద బోరాన్ అనే ఇద్దరు, ఆస్ట్రియా వాళ్ల నుంచి చేజిక్కించుకున్న విమానం ఎక్కి యుద్ధానికి వెళ్లారు. పోలండ్ మిలటరీ ఏవియేషన్ మొదటి యుద్ధ ప్రయాణంగా దాన్నే లెక్కేస్తారు. 1919 జనవరిలో పోజ్నాన్ దగ్గర వావిత్సా ఎయిర్‌ఫీల్డుని తిరుగుబాటుదారులు జర్మన్ల నుంచి లాక్కున్నారు, అక్కడ దొరికిన సామానుతో చాలా స్క్వాడ్రన్లు నిలబడ్డాయి. ఒకే దేశపు సైన్యంలో జర్మన్, ఆస్ట్రియన్, ఫ్రెంచ్, ఇటాలియన్, బ్రిటిష్ విమానాలు. స్పేర్ పార్టులు చూసుకునే మెకానిక్ పరిస్థితి ఊహించుకో.

ఆ మెకానిక్కులతోనే 1919-20లో సోవియట్లతో యుద్ధం చేశారు. ఆ యుద్ధంలోనే కొశ్చుష్కో స్క్వాడ్రన్ వచ్చింది, అంటే 7వ స్క్వాడ్రన్. అందులో అమెరికన్ వాలంటీర్లు చేరారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోలండ్ నుంచి వెళ్లి పోరాడిన కొశ్చుష్కో రుణం తీర్చుకోవాలని పేరు అలా పెట్టారు. ఆ స్క్వాడ్రన్ వాళ్లు సోవియట్ సేనాని బుద్యోన్నీ అశ్వికదళం మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ కాల్పులు జరిపేవారు. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో మెరియన్ కూపర్ ఒకడు, 1920 జులైలో కూలిపోయి సోవియట్లకి దొరికాడు, నెలల తరబడి ఖైదులో ఉండి తప్పించుకుని లాత్వియా చేరాడు, తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడయ్యాడు. వాళ్ల బ్యాడ్జి, అదే అమెరికన్ నక్షత్రాలు, చారల మధ్య పోలిష్ రైతు టోపీ, అడ్డంగా పెట్టిన కొడవళ్లు, అది తర్వాత 111వ స్క్వాడ్రన్‌కి, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పోలిష్ పైలట్ల 303 స్క్వాడ్రన్‌కి వెళ్లింది.

1920ల్లో కొనుగోళ్లన్నీ ఫ్రాన్స్ నుంచే. బ్రెగె-19, పొటే-25, స్పాడ్-61. స్పాడ్ ప్రమాదాలతో పైలట్లు చనిపోతుండటంతో దేశంలో కోపం పెరిగింది. అప్పుడు ఏవియేషన్ అధిపతిగా ఉన్న జనరల్ జగూర్‌స్కి మీద కొనుగోళ్ల గురించి ఆరోపణలు వచ్చాయి. 1926 మేలో తిరుగుబాటు చేసి అధికారం పట్టుకున్న మార్షల్ పిల్సూద్‌స్కికి ఎదురు నిలిచినందుకు జగూర్‌స్కిని జైల్లో పెట్టారు, 1927 ఆగస్టులో వదిలేసిన రోజే ఆయన మాయమైపోయాడు, ఈరోజు వరకు ఏమయ్యాడో తేలలేదు. ఆయన స్థానంలో వచ్చినవాడు లుదొమీవ్ రైస్కి, మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీ సైన్యం తరఫున విమానం నడిపిన మనిషి. 1926 నుంచి 1939 మార్చి దాకా ఆయనే. మంచైనా చెడైనా నువ్వు అడిగిన కథంతా ఆయన కాలంలోనే జరిగింది.

రైస్కి పట్టుదల ఒక్కటే: విమానం మన దగ్గర, మన వాళ్ల డిజైన్‌తో తయారవ్వాలి. 1928లో వార్సాలోని పాత వర్క్‌షాపుల్ని కలిపి పీజెడ్‌ఎల్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. అక్కడ చేరిన కుర్రాడే జిగ్మున్త్ పువావ్‌స్కి, 1901లో లుబ్లిన్‌లో పుట్టాడు. అతను ఆలోచించిన సమస్య చూడు. ఆ రోజుల్లో రెక్క పైలట్ తలకి పైనే ఉండేది, దాంతో ముందు సగం ఆకాశం కనబడేది కాదు. ఫైటర్ పైలట్‌కి కనబడకపోవడమంటే చావడమే. పువావ్‌స్కి రెక్కని బాడీ దగ్గర పల్చగా చేసి కిందికి వంచి, బాడీకి అతికించి, అక్కణ్ణుంచి పైకి లేపి మళ్లీ సమానంగా చాపాడు. పైలట్ ఆ వంపు మీదుగా ముందుకి, పక్కలకి బాగా చూడగలిగాడు. దీన్ని పోలిష్ రెక్క అనే పిలిచారు, సోవియట్ ఐ-15 పై రెక్కలో కూడా ఈ వంపు కనబడుతుంది. పి-1 అనే మొదటి నమూనా 1929 సెప్టెంబర్‌లో ఎగిరింది, టెస్ట్ పైలట్ బొలెస్వావ్ ఒర్లీన్‌స్కి. ఈయన 1926లో బ్రెగె-19లో మెకానిక్ కుబియాక్‌తో కలిసి వార్సా నుంచి టోక్యో వెళ్లి తిరిగొచ్చాడు, వచ్చేటప్పుడు కింది రెక్క విరిగితే ఆ విరిగిన రెక్కతోనే సైబీరియా దాటాడు.

ఇప్పుడు ఇంజన్ దగ్గరకి వద్దాం, నా లెక్కలో అసలు కీలకం ఇక్కడే ఉంది. పువావ్‌స్కి ఆ రెక్కని సన్నటి, పొడుగాటి, నీళ్లతో చల్లబడే ఇంజన్ కోసం గీశాడు. ముక్కు సన్నగా ఉంటేనే ఆ రెక్క వల్ల పూర్తి లాభం. కానీ పోలండ్ దగ్గర లైసెన్స్ ఉన్నది బ్రిస్టల్ జూపిటర్ అనే గుండ్రటి రేడియల్ ఇంజన్‌కి, ప్రభుత్వం ఆ ఇంజనే పెట్టమంది. అలా పి-6, పి-7 వచ్చాయి. పి-7 దాదాపు 150 తయారయ్యాయి, నువ్వు చదివిన 1933 రికార్డు వీటిదే. తర్వాత బ్రిస్టల్ మెర్క్యురీతో పి-11. అంటే పోలండ్ రెక్క తయారు చేయగలదు, బాడీ తయారు చేయగలదు, ఇంజన్ మాత్రం వేరే దేశం గీసినది, వాళ్లు ఇచ్చిన లైసెన్స్‌లో ఎంత శక్తి ఉంటే అంతే. 1930ల మధ్యలో వెయ్యి హార్స్‌పవర్ ఇంజన్ల పోటీ మొదలయ్యేసరికి ఈ బలహీనత బయటపడిపోయింది. పి-11సి ఇంజన్ ఆరువందల చిల్లర హార్స్‌పవర్.

పువావ్‌స్కి ఇదంతా చూడలేదు. 1931 మార్చి 21న తాను డిజైన్ చేసిన పీజెడ్‌ఎల్-12 అనే ఉభయచర విమానాన్ని తనే నడుపుతూ వార్సాలో కూలి చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. పి-11ని యాకిమ్యుక్ పూర్తిచేశాడు. పువావ్‌స్కి బతికుంటే సన్నటి ఇంజన్ కోసం పోట్లాడేవాడేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక పైవాళ్ల నిర్ణయాలు. పి-11కి వారసుడిగా మామూలు సింగిల్ ఇంజన్ ఫైటర్ మీద కాకుండా, రెండు ఇంజన్ల విల్క్ మీద ఆశ పెట్టుకున్నారు. దానికోసం ఫోకా అనే సొంత ఇంజన్ మొదలుపెట్టారు. ఫోకా అనుకున్న శక్తి ఇవ్వలేదు, విల్క్ బరువెక్కింది, ప్రాజెక్టు మూలపడింది. ఆ తర్వాత హడావుడిగా సింగిల్ ఇంజన్ యాస్త్‌షొంబ్ మొదలుపెడితే, దాని నమూనా ఎగిరేసరికే 1939 ఫిబ్రవరి. ఎగిరాక కూడా అనుకున్నంత వేగం రాలేదు. చివరికి బ్రిటన్ నుంచి హరికేన్లు, ఫ్రాన్స్ నుంచి మొరాన్-406లు ఆర్డర్ చేశారు, యుద్ధానికి ముందు అవి చేరలేదు.

గళ్ల గుర్తు సంగతి: స్తెఫాన్ స్తెత్స్ అనే పైలట్ తన విమానం మీద వేసుకున్న సొంత గుర్తు అది. 1918 డిసెంబర్ 1న దాన్ని మొత్తం ఏవియేషన్‌కి గుర్తుగా తీసుకున్నారు.


నల్లకుంట_సరిత:

మాస్టారు గారూ, చాలా బాగా రాశారు, కానీ ఎగుమతుల గురించి ఒక్క ముక్క కూడా లేదేంటండి? నాకు ఈ కథలో బాగా కోపం తెప్పించేది అదే. పి-11 కంటే మెరుగైన పి-24 వాళ్ల దగ్గరే ఉంది. మూసిన కాక్‌పిట్, శక్తివంతమైన ఇంజన్, కొన్నిట్లో 20 ఎంఎం ఫిరంగులు. 1934లో ఒర్లీన్‌స్కి దాని నమూనాతో గంటకు 414 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ విమానాన్ని టర్కీకి, గ్రీస్‌కి, రుమేనియాకి, బల్గేరియాకి ఇచ్చారు, సొంత స్క్వాడ్రన్లకి మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. 1940లో గ్రీకులు ఇటాలియన్ల మీద ఆ పి-24లతో పోరాడుతుంటే, దాన్ని తయారు చేసిన దేశం అప్పటికే ఆక్రమణలో ఉంది. ఇంటిల్లిపాదీ పస్తులుంటే పంట బయట అమ్ముకున్నట్టుంది ఇది.

బల్గేరియాకి పి-43 అనే బాంబర్లు కూడా ఇచ్చారు, అది పోలండ్ సైన్యం వాడిన కరాష్ అనే బాంబర్‌కి అన్న లాంటిది, ఇంకా బలమైన ఇంజన్. వోష్ బాంబర్‌కి కూడా యుగోస్లావియా, బల్గేరియా, రుమేనియా, టర్కీ ఆర్డర్లు తీసుకున్నారు. రైస్కికి ఫ్యాక్టరీ మీద ఉన్న ప్రేమ స్క్వాడ్రన్ల మీద లేదని నా అభిప్రాయం.


తార్నాక_మాస్టారు:

అమ్మా సరితా, నీ కోపం అర్థమైంది, పోలండ్‌లోనే ఈ విషయం మీద చాలా కోపాలున్నాయి. కానీ రెండు విషయాలు కూడా లెక్కలోకి తీసుకుని చూడు. పి-24 ఎందుకు పుట్టిందో తెలుసా? పోలండ్‌లో తయారైన బ్రిస్టల్ ఇంజన్లతో విమానం బయట అమ్మకూడదని లైసెన్స్‌లో షరతు ఉంది. అందుకే ఫ్రెంచ్ నోమ్-రోన్ ఇంజన్ పెట్టి ఎగుమతి కోసమే వేరే విమానం చేశారు. సొంత సైన్యం మొత్తం మెర్క్యురీ మీద ఉంది, ఇంజన్ ఫ్యాక్టరీ, మెకానిక్కుల శిక్షణ, స్పేర్లు అన్నీ దానివే. ఇంకో ఇంజన్‌కి మారాలంటే ఇవన్నీ కొత్తగా పెట్టుకోవాలి.

రెండోది డబ్బు. పోలండ్ అప్పటికి ఎక్కువగా వ్యవసాయ దేశం, ఆర్థిక మాంద్యం దెబ్బ గట్టిగా తగిలింది, సైన్యం బడ్జెట్‌లో పెద్ద వాటా పదాతిదళానికి, అశ్వికదళానికే పోయేది. ఎగుమతి ఆర్డర్లు లేకపోతే పీజెడ్‌ఎల్‌లో పనివాళ్లని నిలబెట్టుకోవడమే కష్టం. విదేశీ డబ్బు కూడా అవసరం. అయినా 1936 తర్వాత, జర్మనీ ఎలా పెరుగుతోందో కళ్లముందు కనబడుతున్నప్పుడు, పి-24ని తాత్కాలికంగానైనా తీసుకుని ఉండాల్సిందని నేనూ ఒప్పుకుంటాను. అక్కడ రైస్కిని సమర్థించలేను.

వోష్ విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. యెజి దొంబ్రోవ్‌స్కి డిజైన్, 1936 డిసెంబర్‌లో ఎగిరింది, రెండున్నర టన్నులకు పైగా బాంబులు మోయగలదు, ఆ రోజుకి ప్రపంచంలో మంచి మీడియం బాంబర్లలో ఒకటి. కానీ సెప్టెంబర్ 1న బాంబర్ బ్రిగేడ్‌లో యుద్ధానికి సిద్ధంగా ఉన్నవి 36 మాత్రమే. తయారైన మిగతావాటికి సామగ్రి పూర్తిగా లేదు. దీన్ని ఇంత ఖర్చుపెట్టి కట్టడం కంటే ఫైటర్లు కట్టాల్సిందని అప్పట్లోనే సైన్యంలో గొడవ, ఆర్డర్ తగ్గించారు, రైస్కి 1939 మార్చిలో తప్పుకున్నాడు.


ఈసీఐఎల్_రవి:

నేలమీద ధ్వంసమైందన్న మాట గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. అది నిజం కాదు. ఆగస్టు చివరికల్లా యుద్ధ స్క్వాడ్రన్లని శాంతికాలపు ఎయిర్‌ఫీల్డుల నుంచి తీసేసి, పొలాల మధ్య, అడవుల అంచున రహస్యంగా సిద్ధం చేసిన చోట్లకి పంపేశారు. సెప్టెంబర్ 1న జర్మన్లు క్రాకూఫ్ దగ్గర రకోవిత్సె లాంటి పెద్ద ఎయిర్‌ఫీల్డులని బాంబులతో దున్నేశారు, నిజమే, కానీ అక్కడ కాలిపోయినవి ఎక్కువగా ట్రైనింగ్ విమానాలు, రిపేరులో ఉన్నవి. ఆ ఫోటోలు చూపించి జర్మన్లు పోలండ్ ఎయిర్‌ఫోర్స్ ఖతం అని ప్రచారం చేశారు. ఎనభై ఏళ్ల తర్వాత కూడా మనవాళ్లు అదే ప్రచారాన్ని వీడియోల్లో తిరిగి చెప్తున్నారు.

ఆరోజు పొద్దున క్రాకూఫ్ పక్కన బాలిత్సె ఎయిర్‌ఫీల్డు నుంచి మెద్వెత్‌స్కి అనే కెప్టెన్, గ్నిష్ అనే కుర్ర లెఫ్టినెంట్ పి-11లలో పైకి లేస్తుండగానే జర్మన్ స్టూకాలు మీద పడ్డాయి. మెద్వెత్‌స్కి అక్కడే చనిపోయాడు. గ్నిష్ ఎలాగో తప్పించుకుని, కాసేపటికి జురాదా ఊరి దగ్గర రెండు డోర్నియర్-17లని పట్టుకున్నాడు, రెండూ కూలాయి. (బాలిత్సె ఇప్పుడు క్రాకూఫ్ అంతర్జాతీయ ఎయిర్‌పోర్టు. ఆ ఊరు వెళ్లేవాళ్లు దిగేది అక్కడే.) వార్సా మీద పావ్లికోవ్‌స్కి నడిపిన ఫైటర్ బ్రిగేడ్, యాభై చిల్లర పి-11లు, పి-7లు, మొదటిరోజు బాంబర్లని బాగానే చెదరగొట్టింది.

తర్వాత ఎందుకు పడిపోయిందంటే, విమానాల వేగం ఒక్కటే కారణం కాదు. శత్రువు వస్తున్నాడని ఫోన్‌లో చెప్పే పరిశీలకుల వ్యవస్థ ముందు తెగిపోయింది. సరిహద్దు గ్రామాలు పోతే అక్కడి ఫోన్లు పోయినట్టే కదా. బాంబర్లు తలమీదికి వచ్చాక తెలిసేది, పి-11 ఎత్తు అందుకునేలోపు వాళ్లు వెళ్లిపోయేవారు. పెట్రోల్ బండ్లు స్క్వాడ్రన్లని వెతుక్కుంటూ తిరిగేవి. ముందువరస యుద్ధ విమానాలు పోలండ్‌వి దాదాపు 400, జర్మన్లు దింపినవి దానికి మూడు నాలుగు రెట్లు. సెప్టెంబర్ 17న తూర్పు నుంచి సోవియట్ సైన్యం కూడా లోపలికి వచ్చేసరికి మిగిలిన విమానాలని రుమేనియాకి పంపేశారు.


బొల్లారం_ప్రవీణ్:

ఈ టాపిక్‌లో ఎవరూ ఇంకా ఇస్క్రా గురించి చెప్పలేదేంటన్నా? మన హకీంపేట మీద ఏళ్ల తరబడి ఎగిరింది పోలండ్ విమానమే! టీఎస్-11 ఇస్క్రా, జెట్ ట్రైనర్. 1970ల మధ్యలో మన ఎయిర్‌ఫోర్స్ మొదట 50 కొన్నది, తర్వాత ఇంకొన్ని తీసుకుంది, 2004లో సర్వీసు నుంచి తీసేశారు. మా నాన్న హకీంపేటలో ఎయిర్‌మన్‌గా పనిచేశారు, ఇస్క్రా గురించి అడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్తారు. సర్వీసింగ్ తేలిక, ప్యానెళ్లు తీస్తే చెయ్యి సులువుగా లోపలికి వెళ్తుందని, మొండి బండి అని ఆయన మాట.

ఇది మీ టాపిక్‌కి ఎలా సంబంధమంటే, టీఎస్ అంటే తదేవుష్ సౌతిక్, డిజైనర్ పేరు. ఆయన యుద్ధానికి ముందు పీజెడ్‌ఎల్‌లో కరాష్ బాంబర్‌ని చేసిన స్తానిస్వావ్ ప్రౌస్ దగ్గర పని నేర్చుకున్న ఇంజనీర్. ఇస్క్రాలు తయారైన ఊరు మ్యెలెత్స్, ఆ ఫ్యాక్టరీని పెట్టింది కూడా యుద్ధానికి ముందే, 1930ల చివర్లో. జర్మన్ సరిహద్దుకి దూరంగా పరిశ్రమలు పెట్టాలని దేశం మధ్యలో ఒక పారిశ్రామిక ప్రాంతం కట్టారు, మ్యెలెత్స్‌లో విమానాలు, జెషూఫ్‌లో ఇంజన్లు. 1939కి అవి పూర్తిస్థాయిలో అందిరాలేదు, కానీ ఫ్యాక్టరీ మిగిలింది, ఆ పని తెలిసినవాళ్లలో కొందరు మిగిలారు. మాస్టారు గారు చెప్పిన యాకిమ్యుక్ కూడా యుద్ధం తర్వాత కెనడాలో చిప్‌మంక్ ట్రైనర్ డిజైన్ చేశాడు, మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బుల్లో కూడా అది ఎగిరింది.


సైనిక్‌పురి_కిట్స్:

ప్రవీణ్ అన్నా, ఇది నేను అస్సలు ఊహించలేదు! చిన్నప్పుడు మా ఇంటిమీదుగా వెళ్లిన ట్రైనర్లలో ఇస్క్రాలు ఉండే ఉంటాయి. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి, ఒప్పుకుంటే ఒకసారి వచ్చి ఆయనతో మాట్లాడాలని ఉంది.

మాస్టారు గారూ, ఇంకో సందేహం సర్. ఇన్ని సమస్యలున్నా ఇంగ్లండ్ వెళ్లాక పోలిష్ పైలట్లు అంత బాగా పోరాడారు కదా. 303 స్క్వాడ్రన్ 1940లో 126 విమానాలు కూల్చినట్టు లెక్క చెప్పింది. విమానాలు పాతవైతే మనుషులు అంత తయారుగా ఎలా ఉన్నారు?


తార్నాక_మాస్టారు:

ఆ ఇరవై ఏళ్లలో వాళ్లు చేసిన అసలైన పని అదే బాబూ. దెంబ్లిన్‌లో 1927 నుంచి ఆఫీసర్ల ఏవియేషన్ స్కూలు నడిచింది. ఏడాదికి తీసుకునేది కొద్దిమందినే, ఎంపిక చాలా కఠినం. పాత విమానాల మీద శిక్షణ కాబట్టి కళ్లతో వెతకడం, దగ్గరికి వెళ్లి కాల్చడం బాగా అలవాటయ్యాయి, పి-11కి చాలావాటిలో రెండే మెషిన్ గన్లు, దూరం నుంచి కాలిస్తే ప్రయోజనం ఉండదు. ఇంగ్లండ్‌లో అలా దగ్గరికి వెళ్లి కాల్చేవాళ్లనే పేరొచ్చింది వాళ్లకి. సార్జెంట్లకి వేరే స్కూలు ఉండేది, మంచి మంచి ఫైటర్ పైలట్లు అక్కణ్ణుంచీ వచ్చారు.

స్కూలుకి ముందే ఊళ్లల్లో పిల్లలకి విమానపిచ్చి పట్టించారు. ఎల్ఓపీపీ అనే సంఘం చందాలు వసూలు చేసి గ్లైడింగ్ స్కూళ్లు, ఎయిరోక్లబ్బులు నడిపింది. బెజ్మ్యెహోవా కొండల మీద గ్లైడర్లు ఎగరేసిన కుర్రాళ్లు తర్వాత స్క్వాడ్రన్లకి వచ్చారు. జనంలో అంత ఊపు రావడానికి ఒక గెలుపు పెద్ద కారణం. 1932లో బెర్లిన్‌లో జరిగిన ఛాలెంజ్ పోటీలో ఫ్రాంచిషెక్ జ్విర్కో, స్తానిస్వావ్ విగూరా తమ ఆర్‌డబ్ల్యూడీ-6 అనే చిన్న విమానంతో జర్మన్లని వాళ్ల గడ్డ మీదే ఓడించారు. ఆర్‌డబ్ల్యూడీ అంటే రోగాల్‌స్కి, విగూరా, జెవ్యెత్‌స్కి, కాలేజీలో చదువుకుంటూనే విమానాలు కట్టడం మొదలుపెట్టిన ముగ్గురు. గెలిచి రెండు వారాలే, సెప్టెంబర్ 11న తుఫానులో ఆ విమానం చెక్ సరిహద్దు లోపల కూలి ఇద్దరూ చనిపోయారు. దేశం మొత్తం ఏడ్చింది. వాళ్లు గెలిచిన ఆగస్టు 28నే ఇప్పటికీ పోలండ్ ఏవియేషన్ డే జరుపుకుంటుంది. 1934 పోటీలో యెజి బయాన్ మళ్లీ గెలిచాడు, అంతకు ముందు ఏడాది స్కర్‌జిన్‌స్కి చిన్న ఆర్‌డబ్ల్యూడీ-5లో ఒంటరిగా దక్షిణ అట్లాంటిక్ దాటాడు. పాత విమానాలతో వచ్చిన నష్టాన్ని మనుషులు ఎంతవరకు పూడ్చగలరో అంతవరకు పూడ్చారు, అంతకుమించి చేయడం ఎవరివల్లా కాదు.


పాతబస్తీ_ఇమ్రాన్:

భాయ్, హైదరాబాద్ కనెక్షన్ ఇంకొకటుంది. 1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడిన ఆర్ఏఎఫ్ (బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్) స్క్వాడ్రన్లలో 152 (హైదరాబాద్) అని, 253 (హైదరాబాద్ స్టేట్) అని మన పేరుతో రెండున్నాయి, నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా. అంతకుముందే 1918లో 110 స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ విమానాలు నిజాం కానుకగా ఇచ్చాడు. 152 స్పిట్‌ఫైర్లు నడిపింది. ఆ స్క్వాడ్రన్‌లో క్లైన్, ష్లాగోవ్‌స్కి అనే ఇద్దరు పోలిష్ సార్జెంట్లు పనిచేశారు. క్లైన్ 1940 నవంబర్‌లో వెళ్లి తిరిగి రాలేదు. 253లో కూడా పోలిష్ పైలట్లు ఉన్నారు. చార్మినార్ దగ్గర ఎవర్ని అడిగినా ఈ సంగతి తెలీదు, స్కూల్లో ఒక్క లైనైనా పెట్టాల్సింది.


ఈసీఐఎల్_రవి:

సైనిక్‌పురి తమ్ముడూ, డెకాల్స్ అతికించే ముందు ఈ రెండూ చూసుకో. ఇప్పుడు పోలండ్ విమానాల మీద గళ్లల్లో ఎడమ పైగడి తెలుపు, కానీ అది 1993లో మార్చిన పద్ధతి. నీ పి-11సికి ఎడమ పైగడి ఎరుపు రావాలి. అలాగే 1939లో రెక్కల పైభాగంలో గుర్తులు రెండువైపులా సమాన దూరంలో ఉండవు, ఒకటి లోపలికి ఒకటి బయటికి వేశారు, శత్రువు గురి తప్పాలని. సమానంగా అతికించావంటే 1939 విమానం కాదది. రంగు పైన ఖాకీ, కింద లేత నీలం. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క పి-11సి క్రాకూఫ్ ఏవియేషన్ మ్యూజియంలో ఉంది, దాని దగ్గరి ఫోటోలు బోలెడు దొరుకుతాయి, ఇంజన్ చుట్టూ ఉండే రింగు రంగు, ఎగ్జాస్ట్ మరకలు వాటిని చూసే వేయి.


సైనిక్‌పురి_కిట్స్:

థాంక్స్ అన్నా, కిట్‌తో వచ్చిన షీట్‌లో ఎడమ పైగడి ఎరుపే ఉంది, రెక్కల మీది దూరాలు మాత్రం మళ్లీ కొలిచి అతికిస్తాను. ఇది అయ్యాక 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ ఒకటి, ఇస్క్రా ఒకటి కడదామనుకుంటున్నా. ఇస్క్రా మన ఎయిర్‌ఫోర్స్ రంగుల్లో 72 స్కేల్‌లో ఎవరి దగ్గరైనా డెకాల్స్ ఉంటే చెప్పండి. ప్రవీణ్ అన్నా, నాన్నగారి దగ్గర హకీంపేట రోజుల ఫోటోల్లో విమానం రంగు కనబడేవి ఏమైనా ఉంటాయా?